సెప్టెంబరు చివర్లో ఐర్లండ్‌ లాహించ్‌లో గోల్ఫు, సర్ఫింగు: వాన ఉందని మానుకోవాలా?

మానుకోకండి. లాహించ్‌ ట్రిప్పు పెట్టుకున్న ఐదు రోజుల్లో నాలుగు రోజులు ఫోన్లో వాన చూపిస్తోంది, వెళ్ళాలా వద్దా అని అడిగారు. కంగారు పడుతున్నారు గానీ, ఐర్లండ్‌ పడమటి తీరంలో ఉన్న ఆ ఊళ్ళో ఫోన్లో కనిపించే మబ్బు బొమ్మని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. పొద్దున్న ముసురు, పదకొండుకి ఎండ, భోజనాలయ్యేసరికి మళ్ళీ జల్లు. డబ్లిన్‌లో ఉండే మా బావమరిదితో కలిసి సరిగ్గా ఇదే నెలలో వెళ్ళొచ్చాను. మాది విశాఖ, అరకు చలి తప్ప వేరే చలి ఎరగనివాణ్ణి.

అక్కడ ఇబ్బంది పెట్టేది వాన కాదండీ, గాలి. ఆ గాలికి ముందు చచ్చుబడేవి చేతివేళ్ళు.

సర్ఫింగుకి వానతో పనేముంది, ఎలాగూ తడవాల్సిందే. ఆ సముద్రం ఏడాది మొత్తంలో కాస్త వెచ్చగా ఉండేది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. వెచ్చగా అంటే 15 డిగ్రీలు, నవ్వకండి. మందపాటి వెట్‌సూట్‌, అంటే చన్నీళ్ళలో వేసుకునే రబ్బరు సూటు, సర్ఫింగు నేర్పే స్కూలువాళ్ళే ఇస్తారు. రబ్బరుకీ ఒంటికీ మధ్య చేరిన పల్చటి నీటిపొర మన ఒంటి వేడికే వెచ్చబడుతుంది. అందుకే సూటు ఒంటికి అతుక్కుని ఉండాలి. నేను పొట్ట దాచుకుందామని ఒక సైజు పెద్దది తీసుకున్నాను. కెరటం వచ్చినప్పుడల్లా మెడ దగ్గర చన్నీళ్ళు దూరి వీపంతా పాకేవి. మర్నాడు నోరు మూసుకుని బిగుతుది అడిగాను.

అసలు చలి నీళ్ళలోంచి బయటికొచ్చాక తెలుస్తుంది. కార్లు పెట్టే చోట ఈదురుగాలికి నిలబడి సూటు విప్పుకోవాలి. వేళ్ళు కొంకర్లు పోయి వీపు వెనక జిప్పు తాడు కూడా అందుకోలేకపోయాను, బావమరిది లాగాడు. మోకాళ్ళ దగ్గర సూటు ఇరుక్కున్న సమయంలోనే తువ్వాలు ఎగిరిపోయింది. మిగతాది మీ ఊహకి వదిలేస్తున్నా. ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు ఉంచుకోండి, తాగడానికి కాదు, చేతుల మీద పోసుకోడానికి. సూటు వేసుకునేటప్పుడు పాదానికి ప్లాస్టిక్‌ సంచి తొడిగితే కాలు సులువుగా జారుతుంది.

నిండు పోటు మీద అక్కడ బీచే మిగలదు, నీళ్ళు రాళ్ళకట్ట దాకా వచ్చేస్తాయి. కాబట్టి స్కూలువాళ్ళ టైము ముందు కనుక్కుని, గోల్ఫు దాన్నిబట్టి పెట్టుకోండి. రెండూ ఒకే రోజు పడితే గోల్ఫు ముందు. మేం తిరగేసి చేశాం. పొద్దున్న సర్ఫింగు బోర్డు మీద చేతులతో తెడ్డేసి తెడ్డేసి భుజాలు పోయాయి, మధ్యాహ్నం గోల్ఫులో మొదటి బంతి కొట్టే చోటే నా గోల్ఫు కర్ర బంతికి అడుగు వెనక నేలని తవ్వింది.

ఓల్డ్‌ కోర్సు, అంటే అక్కడి పేరున్న గోల్ఫు మైదానం, సంగతి చెప్పాలంటే, 1894లో స్కాట్లండ్‌ గోల్ఫరు ఓల్డ్‌ టామ్‌ మోరిస్‌ వేసింది, 1927లో గోల్ఫు మైదానాలు గీసే అలిస్టర్‌ మెకంజీ మార్చింది. ఇసుక దిబ్బల మీద ఉంది కాబట్టి నీళ్ళు నిలవవు, వానకి ఆట ఆగదు. ఫీజు మాత్రం వందల యూరోల్లో ఉంటుంది. చెయ్యి తిరగకపోతే రోడ్డవతల కాజిల్‌ కోర్సు ఉంది, చాలా చవక. కానీ ‘డెల్‌’ అనే ఐదో హోలు (బంతి వెయ్యాల్సిన గుంట) కోసమైనా ఓల్డ్‌ కోర్సు ఒక్కసారి ఆడాలంటాను. పార్‌ 3, అంటే మూడు దెబ్బల్లో బంతి గుంటలో పడాలి, గుంట దగ్గరి జెండా దిబ్బ వెనక దాక్కుంటుంది. దిబ్బ మీద పెట్టిన తెల్లరాయిని చూసి కొట్టి, పైకెక్కి వెతుక్కోవడమే. నా బంతి గ్రీను (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీదే ఉంది, ఎలా వెళ్ళిందో నాకే తెలీదు!

గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది. వాన గ్లవుజులు రెండు చేతులకీ కొనుక్కోండి, అవి తడిస్తేనే పట్టు బాగుంటుంది.

ఆ కోర్సులో మేకలు తిరుగుతుంటాయి. క్లబ్‌హౌస్‌ దగ్గరికి చేరాయంటే వాతావరణం చెడుతున్నట్టని అక్కడివాళ్ళ లెక్క. మూడో రోజు అవి గోడవారన ముడుచుకుని కనబడినా, డబ్బు కట్టేశాం కదా అని ఆడాం. తొమ్మిదో హోలుకి బూట్లలో నీళ్ళు. రెండో జత తీసుకెళ్ళండి, తడిసిన జతలో రాత్రి న్యూస్‌పేపరు కుక్కి పెట్టండి.

అన్నట్టు, చాలా యూరప్‌ దేశాలకి ఒకటే పనికొచ్చే షెంజెన్‌ వీసా ఐర్లండ్‌కి చెల్లదు, విడిగా తీసుకోవాలి.