సిజేరియన్ల తర్వాత పొట్టకి లైపోసక్షన్ చేయించుకోవచ్చా? ముందు ఏం చూసుకోవాలి?

రెండు సిజేరియన్ల తర్వాత పొట్ట తగ్గట్లేదు, నెలన్నరలో ఆడపడుచు పెళ్లి ఉంది, లైపో (చర్మం కింది కొవ్వుని సన్నని గొట్టంతో లాగేసే ఆపరేషన్) చేయించుకుంటే పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చని క్లినిక్‌వాళ్లు అన్నారు, చేయించుకోనా అని అడిగారు కదా. పెళ్లి కోసమైతే వద్దండీ. సాయంత్రానికి ఇంటికి రావడం చాలామంది విషయంలో నిజమే, కానీ వాపు పూర్తిగా దిగి అసలు షేప్ కనపడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పెళ్లినాటికి మీరు పట్టుచీర లోపల ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికి వేసుకునే బిగుతు కంప్రెషన్ గార్మెంట్‌తో ఇబ్బంది పడుతూ ఉండొచ్చు.

నేను పొట్టకీ నడుం పక్కలకీ చేయించుకున్నాను, ఫలితం బాగానే ఉంది, కాబట్టి మిమ్మల్ని భయపెట్టాలని కాదు. నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం ఒకటే: అడ్వాన్స్ కట్టేలోపు, ఆపరేషన్ చేసే సర్జన్ స్వయంగా మీ పొట్ట చేత్తో పట్టుకుని చూశారా లేదా.

నేను మొదట వెళ్లిన చోట డాక్టర్ కనపడనే లేదు. ఒక కౌన్సెలర్ అమ్మాయి ట్యాబ్‌లో ఫోటోలు చూపించి, ఇవాళే కడితే డిస్కౌంట్ మేడమ్ అంది. సర్జన్ ఎవరమ్మా అంటే మా టీమ్ చూసుకుంటుంది అని సమాధానం. లేచి వచ్చేశాను. తర్వాత కలిసిన ప్లాస్టిక్ సర్జన్ ముందు వెల్లకిలా పడుకోమని, తల కొంచెం పైకెత్తమని, బొడ్డు పైనా కిందా వేళ్లతో నొక్కి చూశారు. కాన్పుల తర్వాత పొట్ట కండరాలు విడిపోయి మధ్యలో సందు ఏర్పడిందేమోనని అలా చూస్తారట. ఆ తర్వాత చర్మాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, "నేను తీయగలిగేది ఇంతేనమ్మా, మిగతాది లోపల పేగుల చుట్టూ ఉంది, అది మీరే తగ్గించుకోవాలి" అన్నారు.

విషయమంతా అక్కడే ఉంది. లైపో తీసేది చర్మం కింది కొవ్వుని మాత్రమే. అది షేప్ కోసం చేసే ఆపరేషన్, బరువు తగ్గడానికి కాదు. షుగర్, బీపీ తగ్గుతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో స్థూలకాయం ఉన్న 15 మంది ఆడవాళ్ల పొట్టలోంచి పెద్ద మొత్తంలో కొవ్వు తీసి చూశారు, షుగర్ గానీ బీపీ గానీ కొలెస్ట్రాల్ గానీ చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదు. పైగా మీ సమస్య కండరాలు విడిపోవడమో, చర్మం వదులవడమో అయితే కొవ్వు తీశాక కూడా పొట్ట ముందుకు ఉబ్బే ఉండొచ్చు, లేదా ఖాళీ సంచిలా వేలాడొచ్చు; దానికి టమ్మీ టక్ (వదులైన చర్మం కోసి తీసి, కండరాలు దగ్గరకి కుట్టేది) కావాలి, అది ఇంకా పెద్ద ఆపరేషన్. పాత కుట్ల దగ్గర హెర్నియా (కండరంలో సందులోంచి పేగు బయటికి పొడుచుకు రావడం) ఉందేమో కూడా ముందే చూపించుకోండి, అవసరమంటే స్కాన్ తీయించుకోండి, ఎందుకంటే అది తెలియకుండా లోపల గొట్టం తిప్పితే పేగుకి తగిలే ప్రమాదం ఉంది.

డాక్టర్ పేరు తెలిశాక నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ ఉంటుంది, అక్కడ వెతకండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉండాలి, గోడకి వేలాడే కాస్మెటాలజీ సర్టిఫికెట్లు చూసి మురిసిపోవద్దు. మత్తు డాక్టర్ ఆపరేషన్ అయ్యేదాకా అక్కడే ఉంటారా, ఏదైనా తేడా వస్తే ఐసీయూ ఎక్కడ, ఎన్ని లీటర్లు తీస్తారు, ఇవి మొహమాటం లేకుండా అడగండి. కొవ్వూ ద్రవమూ కలిపి ఐదు లీటర్లు దాటితే రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచి చూడాలన్నది సాధారణంగా పాటించే పద్ధతి. ఎక్కువ తీస్తాం అనేది గొప్ప కాదు.

2015లో సినిమా నటి ఆర్తీ అగర్వాల్ చనిపోయినప్పుడు, అంతకుముందు ఆవిడ లైపో చేయించుకున్నారని పేపర్లలో వచ్చింది కదా, మా అత్తగారు అదే గుర్తుచేసి చాలా టెన్షన్ పడ్డారు. నేను వాదించకుండా ఆవిణ్ని కూడా కన్సల్టేషన్‌కి తీసుకెళ్లాను. నాకు తట్టని ప్రశ్నలు ఆవిడే ఎక్కువ అడిగారు.

డబ్బు సంగతికొస్తే, ఇన్సూరెన్స్ రాదు, జీఎస్టీ కూడా పడుతుంది. టెస్టులు, గార్మెంట్లు, మత్తు డాక్టర్ ఫీజు అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి.

ఇంటికొచ్చాక జరిగేది మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. కొవ్వు తీసే ముందు లోపలికి ఎక్కించిన మందునీళ్లు ఆ చిన్న రంధ్రాల్లోంచి ఒకటి రెండు రోజులు ఎర్రగా కారుతూనే ఉంటాయి, పరుపు మీద ప్లాస్టిక్ షీటు, పాత దుప్పట్లు వేసుకోకపోతే అంతే సంగతులు. గార్మెంట్ మొదటిసారి విప్పినప్పుడు కళ్లు తిరగొచ్చు. నాకు బాత్రూమ్ గోడ పట్టుకోవాల్సి వచ్చింది, కాబట్టి ఏదైనా తిని, కుర్చీలో కూర్చుని, పక్కన ఒక మనిషిని పెట్టుకుని మెల్లగా విప్పండి. చర్మం కొన్నాళ్లు మొద్దుబారినట్టు, అక్కడక్కడా గడ్డలు కట్టినట్టు ఉంటుంది. మీ చిన్నదాన్ని కొన్ని వారాలు ఎత్తుకోలేరు, ఇంట్లో సాయం ఎవరున్నారో ముందే చూసుకోండి.

వాడే మందులన్నీ సర్జన్‌కి చెప్పాలి, ముఖ్యంగా గర్భనిరోధక మాత్రలు, ఆస్పిరిన్, ఆయుర్వేదం పొడులు కూడా. ఏది ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్తారు, మీ అంతట మీరు ఆపేయకండి. ఆపరేషన్ రోజు నుంచే లేచి నాలుగడుగులు వేయమంటారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి. నొప్పి అని పడుకుండిపోవద్దు. ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక కాలి పిక్క మాత్రం వాచి నొప్పి పెట్టినా క్లినిక్ రిసెప్షన్‌కి ఫోన్ చేస్తూ కూర్చోకండి, 108కి చేసి ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.