రెండు రిజిస్టర్లు, ఒకే లెక్క

చిరంజీవి తల్లీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఫ్యాక్టరీ బాధ్యత మీద పడగానే నువ్వు ముందు రూల్స్ గురించి అడిగావు, అమ్మకాల గురించి కాదు. అది నాకు నచ్చింది. "పర్యావరణం వాళ్లు ఒకవైపు, పన్నులు, బ్యాంకు, ఆడిటర్లు మరోవైపు లాగుతున్నారు. ఏడాది తిరిగేసరికి రూల్ మారిపోతోంది. వాటి వెనక పరిగెత్తడమే సరిపోతోంది బాబాయ్" అని రాశావు. నాకు తెలిసినంతలో చెబుతాను. కొంచెం పొడవవుతుంది, తీరిగ్గా చదువు.

ముందుగా, వాళ్లు రెండు వైపులా ఉన్నారన్న ఆలోచన తీసెయ్. వాళ్లిద్దరూ చూసేది నీ దగ్గరికి వచ్చిన సరుకునే, నీ దగ్గర్నుంచి వెళ్లిన సరుకునే. ఒకరు దాన్ని డబ్బులో చూస్తారు, ఇంకొకరు కిలోల్లో, లీటర్లలో చూస్తారు. చాలా కంపెనీలు ఇక్కడే దొరికిపోతాయి. అకౌంట్స్ గదిలో ఒక లెక్క ఉంటుంది, ప్లాంటులో ఇంకో లెక్క ఉంటుంది. ఆ రెండింటినీ ఎవరూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడరు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఏడాదిలో నువ్వు 1000 కిలోల ద్రావకం కొన్నావనుకో. ఏడాది చివర గోదాములో 100 కిలోలు మిగిలింది. తయారైన సరుకులో కలిసి 600 కిలోలు బయటికి వెళ్లింది. వ్యర్థాల రిజిస్టరులో 120 కిలోలు పంపినట్టు ఉంది. మరి మిగతా 180 ఏమైంది? గాలిలోకి పోయిందంటే ఉద్గారాల రిపోర్టులో అది కనిపించాలి. కాలవలో కలిసిందంటే అంతకంటే పెద్ద గొడవ. పోనీ ఎక్కడికీ పోలేదు అంటే, దాంతో సరుకు చేసి బిల్లు లేకుండా అమ్మారా అని పన్నుల అధికారి అడుగుతాడు. ఆ 180 కిలోలకి జవాబు లేకపోతే రెండు చోట్లా ఇరుక్కుంటావు. ఈ లెక్కని ఏడాది చివర వేస్తే లాభం లేదు, అప్పటికి ఎవరికీ ఏమీ గుర్తుండదు. నెలకోసారి వెయ్యాలి. ముఖ్యమైన ముడిసరుకులు నాలుగైదు తీసుకుని మొదలుపెట్టు, అన్నీ ఒకేసారి వద్దు.

దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మీ అకౌంటెంటు బిల్లులు ఎక్కించేటప్పుడు మొత్తం సొమ్ముతో పాటు పరిమాణం కూడా ఎక్కించమని చెప్పు. "డీజిల్ ఖర్చు" అని ఒక అంకె వేసి వదిలేస్తే అది పన్ను లెక్కకి మాత్రమే పనికొస్తుంది. లీటర్లు కూడా రాసుంటే అదే ఎంట్రీ కార్బన్ లెక్కకీ పనికొస్తుంది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, గుణించుకుంటే చాలు. కరెంటు బిల్లులో యూనిట్లు కూడా అంతే. మీ జనరేటర్ డీజిల్, చిల్లర ఖర్చుల ఖాతాలో కొన్న గ్యాస్ సిలిండర్లు మాత్రం జాగ్రత్తగా చూడు. చిల్లర ఖాతాలో ఏముంటుందో అది రాసే మనిషికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇక రూల్స్ మారడం సంగతి. అవి రాత్రికి రాత్రి ఊడిపడవు. ముందు ఎక్కడో ఒక ప్రమాదమో మోసమో జరుగుతుంది. ఆ తర్వాత ముసాయిదా వస్తుంది, అభ్యంతరాలు తీసుకుంటారు, తుది ఉత్తర్వు వస్తుంది, అమలు తేదీ ఇస్తారు. 1976లో ఇటలీలోని సెవెసోలో విషవాయువు వెలువడింది, 1982లో యూరప్ అదే పేరుతో చట్టం తెచ్చుకుంది. 1984లో భోపాల్ జరిగింది, 1986లో ఇండియాలో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది, అమెరికాలో కూడా అదే ఏడాది ప్రమాదకర రసాయనాల వివరాలు చుట్టుపక్కల జనానికి చెప్పాలన్న చట్టం వచ్చింది. డబ్బు వైపు చూస్తే 2001లో అమెరికాలో లెక్కల మోసం బయటపడి ఎన్‌రాన్ అనే పెద్ద ఇంధన కంపెనీ కూలింది, 2002లో అక్కడ కంపెనీల లెక్కల్ని కట్టడి చేసే సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వచ్చింది. కాబట్టి నీలాంటి పరిశ్రమలో ఎక్కడైనా పెద్ద ప్రమాదం జరిగితే వార్త చదివి అయ్యో అనుకుని వదిలెయ్యకు. ఆ తప్పు మన దగ్గర జరిగే వీలుందా అని ఆ వారంలోనే చూసుకో. కొన్నేళ్లలో ఆ ప్రశ్న నీ దగ్గరికి కూడా వస్తుంది.

ముసాయిదా దశలోనే చదవడం అలవాటు చేసుకో. అందరూ తుది ఉత్తర్వు కోసం కాచుకుని కూర్చుంటారు. అప్పటికి మాట్లాడే అవకాశం దాటిపోతుంది. చిన్న కంపెనీ మాట ఎవరు వింటారులే అనుకోవద్దు. మీ పరిశ్రమల సంఘం ద్వారా రాసి పంపు. "ఈ కొలత తియ్యడానికి కావాల్సిన పరికరం ఇంత చిన్న ప్లాంటుకి సరిపోదు" లాంటి పని తెలిసిన మాటలే ముసాయిదాలు రాసేవాళ్లకి కరువు.

ప్రభుత్వం కంటే ముందు కొనుగోలుదారు అడుగుతాడు, అదింకో సంగతి. యూరప్ సరిహద్దు కార్బన్ పన్ను చూడు, బయటి నుంచి వచ్చే సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌ని బట్టి వేసేది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దాని కిందికి వస్తాయి. 2023 అక్టోబరు నుంచి రిపోర్టులు మాత్రమే అడిగారు, 2026 జనవరి నుంచి డబ్బు లెక్క మొదలైంది. చట్టం బాధ్యత పెట్టింది అక్కడ దిగుమతి చేసుకునేవాడి మీద. కానీ వాడికి అంకెలు ఎక్కడివి? ఎక్కడో ఉన్న తయారీదారుని అడుగుతాడు. ఇవ్వలేకపోతే వాడు ఇంకొకరి దగ్గర కొంటాడు, నోటీసు కూడా ఇవ్వడు. నువ్వు నేరుగా ఎగుమతి చెయ్యకపోయినా, నీ దగ్గర కొన్నవాళ్లు చేస్తుంటే ఆ ప్రశ్నల పట్టిక తిరిగి తిరిగి నీ దగ్గరికే వస్తుంది.

అలాగని ప్రతి కొత్త రూల్‌కీ వెంటనే డబ్బు పోసెయ్యకు. అడవుల నరికివేతతో ముడిపడిన సరుకుల మీద యూరప్ చట్టం 2024 చివర అమలు కావాల్సింది, వాయిదా పడింది. పర్యావరణం, సమాజం మీద తమ ప్రభావం చెప్పే పెద్ద కంపెనీల సుస్థిరత రిపోర్టుల గడువుని అక్కడే 2025లో వాయిదా వేశారు. గడువు దగ్గరపడిందని భయపెట్టి ఖరీదైన ప్యాకేజీలు అమ్మినవాళ్లు బాగుపడ్డారు, కొన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నా మాట వింటే, అంకెలు సేకరించడం ఇప్పుడే మొదలుపెట్టు. ఆ అంకెల్ని ఏ ఫారంలో నింపాలన్నది రూల్ స్థిరపడ్డాక చూసుకోవచ్చు. ఫారాలు మారతాయి, వాడిన యూనిట్లూ లీటర్లూ మారవు కదా.

యంత్రం కొనేటప్పుడు మాత్రం ముందుచూపు తప్పదు, ఎందుకంటే అది పదిహేను ఇరవై ఏళ్లు ఉంటుంది. చిల్లర్, అంటే ప్లాంటులో చల్లబరిచే యంత్రం, ఉదాహరణ తీసుకో. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఓజోన్‌ని తినే వాయువుల్ని ఆపింది. వాటి బదులు వచ్చిన వాయువులు భూమిని వేడెక్కిస్తున్నాయని 2016లో కిగాలీలో వాటినీ తగ్గించాలని దేశాలు ఒప్పుకున్నాయి. అలా వచ్చిన ఆర్-410ఏ అనే గ్యాస్‌కి కార్బన్ డయాక్సైడ్ కంటే రెండువేల రెట్లకు పైగా వేడెక్కించే గుణం ఉంది. అలాంటి గ్యాస్‌తో నడిచే యంత్రం ఈ రోజు చౌకగా వస్తోందంటే ఎందుకు వస్తోందో ఆలోచించు. కొన్నేళ్లకి లీకైతే నింపడానికి గ్యాస్ దొరకాలి, దొరికినా ధర భరించాలి. కొనుగోలు ఆర్డరు మీద సంతకం పెట్టే ముందు "దీని మీద వచ్చే రూల్ ఏమిటి?" అని ఒక ప్రశ్న రాసి జవాబు లేనిదే ఆర్డరు కదలకుండా చూడు.

లెక్కల రూల్ మారినా ఇలాంటి దెబ్బే తగులుతుంది, కాకపోతే కంటికి కనిపించదు. 2019 జనవరి నుంచి అంతర్జాతీయ ప్రమాణాలు పాటించే కంపెనీలు చాలా వరకు లీజుల్ని అప్పుగా బ్యాలెన్స్ షీట్లో చూపించాల్సి వచ్చింది. వ్యాపారంలో ఏమీ మారలేదు. అదే గోదాము, అదే అద్దె. కానీ కాగితం మీద అప్పు పెరిగింది. బ్యాంకుతో రాసుకున్న ఒప్పందంలో అప్పుకీ పెట్టుబడికీ మధ్య నిష్పత్తి ఇంత దాటకూడదని ఉంటే, ఆ గీత దాటిపోయే ప్రమాదం వచ్చింది. అందుకే కొత్త అకౌంటింగ్ ప్రమాణం గురించి వినగానే ఆడిటర్‌ని అడగాల్సింది "ఫారం ఎలా నింపాలి" అని కాదు. బ్యాంకు షరతుల మీద దీని ప్రభావం ఏమిటని అడుగు. సమస్య ఉంటే బ్యాంకుకి ముందే చెప్పు. నువ్వు చెప్పకముందే వాళ్లు కనిపెడితే మాట తీరు వేరుగా ఉంటుంది.

ఇంకొకటి, చాలామంది దాటవేసేది. భూమిలో పాత ట్యాంకు ఉందనుకో, దాన్ని తీసి నేల శుభ్రం చెయ్యాల్సిన బాధ్యత నీదే అయితే, ఆ ఖర్చుని ఇప్పుడే అంచనా వేసి పుస్తకాల్లో చూపించాల్సి రావచ్చు. ఎలాగూ పదేళ్ల తర్వాతి మాట కదా అంటారు. ఆడిటర్‌కి ఆ ట్యాంకు సంగతే తెలియదు, ప్లాంటు మేనేజర్‌కి పుస్తకాల సంగతి తెలియదు. వాళ్లిద్దరినీ ఏడాదికోసారి ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం నీ పని.

వ్యర్థాల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. లారీ గేటు దాటితే మన పని అయిపోయిందనుకోవద్దు. చాలా చోట్ల చట్టం ప్రకారం, ఆ వ్యర్థం చివరికి ఎక్కడ చేరిందన్నదానికి నువ్వే జవాబుదారీ. తీసుకెళ్లేవాడు మిగతావాళ్ల కంటే సగం ధరకే తీసుకెళతానంటే, మిగతా సగం ఏ వాగులోనో కలుస్తుందని లెక్క. వాడి లైసెన్సు కాపీ ఒక్కటే చూసి ఊరుకోకు, గడువు చూడు, ఏ రకం వ్యర్థానికి ఇచ్చారో చూడు. వాడు తీసుకెళ్లే చోటికి మీ మనిషి చెప్పకుండా ఒకసారి వెళ్లి చూసి రావాలి. మన గేటు దగ్గరి తూకం చీటీ, అక్కడ అందుకున్నట్టు ఇచ్చిన రసీదు, వాడి బిల్లు మూడూ ఒకే తూకం చెప్పాలి. ఇక పనికొచ్చే తుక్కు అమ్మితే వచ్చిన డబ్బు ఎక్కడ జమ అవుతోందో చూడు. తుక్కు డబ్బు నగదుగా చేతులు మారే చోట రెండు రిజిస్టర్లూ అబద్ధమే చెబుతాయి.

తనిఖీకి వచ్చినప్పుడు టెన్షన్ పడకు. కూర్చోబెట్టు, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పు, తెలియకపోతే కనుక్కుని ఫలానా రోజుకి రాసి ఇస్తానని చెప్పి ఆ రోజుకి ఇవ్వు. ఏ కాగితాలు చూపించారో, ఏ శాంపిల్ తీశారో అదే రోజు రాసిపెట్టుకో. వీలుంటే అదే శాంపిల్లో కొంత తీయించి నువ్వూ పరీక్ష చేయించు. రిజిస్టరులో ఖాళీ ఉంటే ఖాళీగానే ఉండనివ్వు. పాత తేదీ వేసి నింపించకు, ఎవరినీ నింపనివ్వకు. నెల రోజుల రీడింగులు ఒకే పెన్నుతో ఒకే చేతిరాతలో ఉంటే చూసేవాళ్లకి తెలిసిపోతుంది. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్‌ని ఫోక్స్‌వాగన్ కార్లలో పెట్టింది. 2015లో అది బయటపడింది. పొగ ఎక్కువైందని కాదు, దాచారనే దాని పేరు అంత పాడైంది. ఎన్‌రాన్ కాగితాలు చించేసిన ఆడిట్ సంస్థ ఆర్థర్ ఆండర్సన్ మీద పడిన శిక్షని 2005లో అమెరికా సుప్రీం కోర్టు కొట్టేసింది, కానీ అప్పటికి ఆ సంస్థ దాదాపు లేకుండా పోయింది.

తప్పు జరిగితే నువ్వే ముందు చెప్పడం మంచిది. చాలా దేశాల్లో సొంతంగా బయటపెట్టినవాళ్లకి జరిమానా తగ్గిస్తారు. అమెరికా పర్యావరణ సంస్థ విధానంలో, కనిపెట్టిన 21 రోజుల్లోపు చెప్పి, సరిదిద్దుకుని, మిగతా షరతులు కూడా పాటిస్తే జరిమానాలో పెద్ద భాగం పోతుంది. అయితే చెప్పే ముందు లాయరుతో ఒక గంట మాట్లాడు. ఎలా చెప్పాలన్నది కూడా ముఖ్యమే.

మనుషుల సంగతి కొంచెం. ఈ రూల్స్ పని చూసేవాడిని ఉత్పత్తి మేనేజర్ కింద పెట్టకు. టన్నుల మీద బోనస్ తీసుకునేవాడు తన కింద మనిషి చెబితే లైను ఆపుతాడా? నేరుగా నీకు రిపోర్ట్ చెయ్యాలి. కన్సల్టెంట్లని పెట్టుకో, కానీ ప్రభుత్వ పోర్టళ్ల లాగిన్లు కంపెనీ ఈమెయిల్ మీద, కంపెనీ ఫోన్ మీద ఉండాలి. కన్సల్టెంటుతో మాట తేడా వచ్చిన రోజు ఓటీపీ వాడి ఫోన్‌కి వెళ్తుంటే నువ్వు ఏ రిటర్న్ వెయ్యలేవు. గడువుల పట్టికలో ఆఖరి తేదీ ఒక్కటే రాయకు, పని మొదలుపెట్టాల్సిన తేదీ, చేసే మనిషి, ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు చేస్తారో కూడా రాయి. అనుమతి రెన్యువల్‌కి ల్యాబ్ రిపోర్టు కావాలి, ల్యాబ్‌కి మీటరు సరిగ్గా కొలుస్తోందన్న కాలిబ్రేషన్ సర్టిఫికెట్ కావాలి, అది ఇచ్చేవాడు వచ్చే నెల దాకా ఖాళీ లేడంటాడు. వెనక నుంచి లెక్కేసుకుంటే మూడు నాలుగు నెలల ముందే కదలాలి.

ఇవన్నీ చదివాక ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతావు, నాకు తెలుసు. మీ అనుమతి పత్రం తెచ్చి, మొదటి పేజీ కాదు, వెనక ఉన్న షరతులన్నీ నువ్వే చదువు. వాటిని ఒక్కరైనా పూర్తిగా చదివారని నాకు నమ్మకం లేదు. అందులో ఉత్పత్తి పరిమితి ఒక అంకె ఉంటుంది. ఆర్డర్లు పెరిగిన కొద్దీ కంపెనీలు చడీచప్పుడు లేకుండా దాటేసేది ఆ అంకెనే. ఆ దాటిన సంగతి ప్లాంటు రిజిస్టరు చెప్పకపోయినా అమ్మకాల పుస్తకం చెప్పేస్తుంది. జవాబు రాసేటప్పుడు ఆ పరిమితి, గత 12 నెలల్లో మీరు నిజంగా తయారుచేసిన టన్నులు, రెండూ పక్కపక్కన రాసి పంపు. పరిమితి దాటి ఉంటే కొత్త ఆర్డరు ఒప్పుకునే ముందు నాకు ఫోన్ చెయ్.

ఆశీస్సులతో,
బాబాయ్