రాబిన్సన్ కార్డు కోసం 401కె మీద అప్పా?

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నాకు 37 ఏళ్లు, హెచ్-1బి మీద ఐటీ ఉద్యోగం. మా ఆవిడది హెచ్-4, ఉద్యోగం లేదు. ఇద్దరు పిల్లలు. బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకు మొట్టమొదట ఆడిన నల్లజాతి ఆటగాళ్ల బొమ్మలుండే పాత కార్డులు సేకరిస్తున్నాను, పది దొరికాయి. వాటిలో మూలలు అరిగిన పంప్సీ గ్రీన్ కార్డును 12 డాలర్లకు కొన్నాను. బాబ్ ట్రైస్, కర్ట్ రాబర్ట్స్, కార్లోస్ పౌలా ఇంకా దొరకలేదు. ఇప్పుడు జాకీ రాబిన్సన్‌ది లీఫ్ కంపెనీ వేసిన కార్డు వేలానికి వస్తోంది. కమిషన్‌తో కలిపి 14,000 డాలర్లు అవుతుందని అంచనా. 401కె నుంచి, అంటే కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా నుంచి, లోన్ తీసుకుందామనుకుంటున్నాను. బ్యాంకులో 4,000 ఉన్నాయి. ఎర్నీ బ్యాంక్స్, ల్యారీ డాబీ కార్డులు కొన్నప్పటి క్రెడిట్ కార్డు బాకీ 5,500, వడ్డీ 24 శాతం. నెల ఖర్చు 5,800, మిగులు 1,500. అవసరమొస్తే కార్డులు అమ్ముకోవచ్చు కదా?

జవాబు: లోన్ తీసుకోకండి.

మీ ఉత్తరంలోని ఆఖరి వాక్యం కోసమే దీన్ని ఎంచుకున్నాను. శంకర్‌పల్లి దగ్గర ప్లాట్లు కొన్నవాళ్లు కూడా నాతో అచ్చం ఇదే మాట అంటారు. మనకు డబ్బు కావలసిన వారంలోనే కొనేవాడు దొరకాలని ఎక్కడా లేదు. కార్డును వేలం సంస్థకు పంపాలి, అది కేటలాగులోకి ఎక్కాలి, వేలం ముగియాలి, కొన్నవాడు డబ్బు కట్టాలి, వాళ్ల కమిషన్ పోగా మిగిలింది మీకు రావాలి. దీనికి నెలలు పడుతుంది. ధర కూడా మన చేతిలో ఉండదు. 2021 మొదట్లో కార్డుల ధరలు ఎంత ఎగిరాయో, తర్వాత ఎలా జారాయో మీకు నాకన్నా బాగా తెలిసి ఉండాలి.

మీ లెక్క మీరే చూడండి. నెలకు 5,800 ఖర్చయ్యే ఇంట్లో 4,000 అంటే ఇరవై రోజులు. ఉద్యోగం పోతే హెచ్-1బి మీద అమెరికాలో ఉండడానికి మీకుండే వ్యవధి గరిష్ఠంగా 60 రోజులు. ఇరవై ఒకటో రోజున అద్దె ఎక్కడి నుంచి కడతారు? కంపెనీ ఆరోగ్య బీమా ఆగితే, అదే బీమాను సొంత ఖర్చుతో కొనసాగించే కోబ్రా ప్రీమియం ఎవరు కడతారు? తిరిగి వెళ్లాల్సి వస్తే నలుగురికి విమాన టికెట్లు? ఇంట్లో సంపాదించేది ఒక్కరే, వీసా కూడా ఆ ఉద్యోగం మీదే. అలాంటి ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే సుమారు 35,000 డాలర్లు, సేవింగ్స్ ఖాతాలో ఉండి తీరాలి. ఇందులో బేరం లేదు.

401కె లోన్ గురించి, ‘నా డబ్బు, కట్టే వడ్డీ కూడా నా ఖాతాకే’ అనే వాదన విని విని విసుగొచ్చింది. ఉద్యోగం పోయిన రోజున ఆ వాదన నిలబడదు. మిగిలిన బాకీకి సరిపడా సొమ్మును ఆ ఏటి పన్ను రిటర్న్ గడువులోగా ఐఆర్ఏలోనో (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) కొత్త 401కెలోనో వేయలేకపోతే, దాన్ని మీరు వాడేసుకున్నట్టే లెక్క కడతారు. దాని మీద ఆదాయపు పన్ను, మీ వయసు వాళ్లకు అదనంగా 10 శాతం పెనాల్టీ. జీతం లేని ఏడాదిలో, ఓ కార్డు కోసం!

సేకరణ మానేయమనడం లేదు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు మైదానం ఎబ్బెట్స్ ఫీల్డ్‌లో, మీరు వెతికే ఆటగాళ్లందరిలో మొదటివాడిగా, రాబిన్సన్ మొదటి బేస్ దగ్గర నిలబడ్డాడు. పదకొండు వారాలకు డాబీ క్లీవ్‌లాండ్ తరఫున దిగాడు. బోస్టన్ రెడ్ సాక్స్‌లో పంప్సీ గ్రీన్‌కు చోటు దొరికేసరికి 1959 జులై వచ్చింది, అంటే పన్నెండేళ్లు. ఆ ఆలస్యం తెలియాలంటే పసుపు రంగు మీద రాబిన్సన్ నవ్వుతున్న లీఫ్ కార్డు ఒక్కటే చాలదు, టాప్స్ కంపెనీ 1960లో వేసిన గ్రీన్ కార్డూ ఉండాలి. మూలలు అరిగిన ఆ కార్డును 12 డాలర్లకు కొన్నానని రాశారు. నాకు మీ సేకరణలో బాగా నచ్చింది అదే. బాబ్ ట్రైస్, కర్ట్ రాబర్ట్స్, కార్లోస్ పౌలా ఇంకా దొరకలేదన్నారు. వాళ్ల 1954, 1955 టాప్స్ కార్డులు గ్రేడింగ్ (నాణ్యతకు ఇచ్చే మార్కు) లేనివి చూడండి, మీ నెల మిగులు నుంచే కొనుక్కోవచ్చు.

ఇంటి బీమా పాలసీలో సేకరణ వస్తువులకు పరిమితి ఎంతో అడగండి, చాలకపోతే విడిగా కవర్ తీసుకోండి. అమ్మినప్పుడు లాభం మీద పన్ను 28 శాతం దాకా పడొచ్చని గుర్తుంచుకోండి.

నెలకు మిగిలే 1,500తో ముందు క్రెడిట్ కార్డు బాకీ తీర్చండి, నాలుగు నెలల పని. ఆ బాకీ మీద ఇప్పుడు నెలకు 110 డాలర్లు వడ్డీకే పోతోంది. తర్వాత అదే సొమ్ము అత్యవసర నిధికి మళ్లిస్తే, బ్యాంకులో ఉన్న 4,000తో కలిపి ఇంకో ఇరవై ఒక్క నెలల్లో 35,000 అవుతుంది. లీఫ్ రాబిన్సన్ లోకంలో ఒక్కటే లేదు, వేలాలకు వస్తూనే ఉంటుంది. ఆపైన 14,000 విడిగా కూడబెట్టి కొనుక్కోండి. ఈ వారం మాత్రం బిడ్ వేయకండి. 401కె లోన్ దరఖాస్తు పంపేసి ఉంటే రేపు పొద్దున్నే ఫోన్ చేసి రద్దు చేయించండి.