ఆసుపత్రి అమ్ముడుపోతే యూనియన్ కూడా పోతుందా?

ప్రశ్న: అక్కా, నమస్తే. న్యూజెర్సీలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో పదకొండేళ్లుగా టెక్నాలజిస్ట్‌గా చేస్తున్నాను, ఎక్కువగా నైట్ షిఫ్టులే. మా ఆసుపత్రిని ఇంకో పెద్ద సంస్థ కొంటోంది. మొన్న మీటింగ్ పెట్టి అందరూ కొత్తగా అప్లికేషన్ పెట్టుకోవాలన్నారు. మా మేనేజర్ అయితే "ఇక మీకు యూనియన్ లేనట్టే" అనేసింది. కొందరు కోపంతో అసలు అప్లికేషనే పెట్టం అంటున్నారు. నా జీతం, సీనియారిటీ, దాచుకున్న సెలవులు ఏమవుతాయి? టెన్షన్‌తో పగలు కూడా నిద్ర పట్టడం లేదు. (ఎడిసన్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ అప్లికేషన్ నింపి ఇచ్చెయ్యండి. కోపంగా ఉన్నవాళ్ల చేత కూడా పెట్టించండి, అవసరమైతే పక్కన కూర్చుని మరీ నింపించండి. ఎందుకంటే మీ యూనియన్ నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు తలల లెక్క మీదే, అంటే కొత్త యజమాని పెట్టుకునేవాళ్లలో మీ పాతవాళ్లు ఎంతమంది అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

కాలిఫోర్నియాలో లాక్‌హీడ్ ప్లాంటుకు కాపలా కాసే పని ఒక కంపెనీ నుంచి బర్న్స్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. బర్న్స్ పెట్టుకున్న 42 మంది గార్డుల్లో 27 మంది పాత కంపెనీ వాళ్లే. 1972లో అమెరికా సుప్రీంకోర్టు ఏమందంటే, పని అదే, మనుషుల్లో ఎక్కువమంది వాళ్లే కాబట్టి కొత్త యజమాని పాత యూనియన్‌ను గుర్తించి చర్చలకు కూర్చోవాల్సిందే, కానీ పాత కంపెనీ యూనియన్‌తో చేసుకున్న కాంట్రాక్టు షరతులను మాత్రం తలకెత్తుకోనక్కర్లేదు. 1987లో ఫాల్ రివర్ అనే బట్టల రంగుల కంపెనీ కేసులోనూ ఇదే మాట నిలిచింది. ఆసుపత్రులకూ ఇదే వర్తిస్తుంది. అంటే మీ మేనేజర్ అన్నది తప్పు. పాతవాళ్లే ఎక్కువమంది ఉంటే యూనియన్ పోదు, కాంట్రాక్టు పోవచ్చు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది ముందే చేతులెత్తేస్తారు, నాకు బాధ అనిపించేది అక్కడే. ఇక యూనియన్ మనిషి అని ఎవరినైనా తీసుకోకుండా వదిలేస్తే అది చట్టవిరుద్ధం, కానీ అప్లికేషనే పెట్టనివాళ్లు ఆ మాట నిరూపించడం చాలా కష్టం.

మీ యూనియన్ రెప్‌ను అడగాల్సింది ఒకటుంది, కొంటున్నది షేర్లా, ఆస్తులా? షేర్లు కొంటే యాజమాన్య సంస్థ అదే ఉంటుంది కాబట్టి కాంట్రాక్టు కూడా మామూలుగానే నడుస్తుంది. మిమ్మల్ని మళ్లీ అప్లై చెయ్యమన్నారంటే ఆస్తుల కొనుగోలు లాగే కనిపిస్తోంది. అలాగే ఇప్పటి కాంట్రాక్టులో "ఆసుపత్రిని అమ్మితే కొనేవాళ్లు ఈ ఒప్పందాన్ని ఒప్పుకోవాలి" అనే క్లాజ్ ఉందేమో చూడమనండి. ఉంటే అమ్మకం పూర్తికాక ముందే దాన్ని పట్టుకోవాలి, తాళాలు చేతులు మారాక దాని బలం బాగా తగ్గిపోతుంది.

అమ్మకాన్ని ఆపమని అడిగే హక్కు యూనియన్‌కు సాధారణంగా ఉండదు. కానీ అమ్మకం వల్ల మీ మీద పడే దెబ్బ గురించి, అంటే పోయే ఉద్యోగాలు, సెలవుల డబ్బు, సీనియారిటీ, వీటి మీద ఇప్పటి యాజమాన్యం మాట్లాడి తీరాలి. 1981లో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పిన కేసు కూడా బ్రూక్లిన్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో క్లీనింగ్ చేసే మనుషులదే. కాబట్టి యూనియన్ రాతపూర్వకంగా ఇప్పుడే అడగాలి.

మీకు రాష్ట్రం తరఫున ఇంకో అండ ఉంది. 2022లో న్యూజెర్సీ తెచ్చిన చట్టం ప్రకారం ఆసుపత్రి చేతులు మారినప్పుడు కొత్త యజమాని కనీసం నాలుగు నెలలు పాత ఉద్యోగులకు పని ఇవ్వాలి, జీతాలు తగ్గించకూడదు. అన్ని రాష్ట్రాల్లో ఇలాంటిది లేదు.

మీది ల్యాబ్ కాబట్టి నాకు ఇంకో భయం ఉంది. విలీనాలయ్యాక ల్యాబ్ పనిని ఒక సెంట్రల్ ల్యాబ్‌కు తరలించడం మామూలే. అక్కడ యూనియన్ లేనివాళ్లు ఎక్కువమంది ఉండి, మిమ్మల్ని తీసుకెళ్లి వాళ్లలో కలిపేస్తే, పైన చెప్పిన లెక్క తారుమారవుతుంది. ల్యాబ్ ఎక్కడుంటుంది, ఎవరితో కలుస్తుంది అన్నది జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

నేను ఒక ఆసుపత్రిలో యూనియన్ డెలిగేట్‌గా, అంటే తోటి ఉద్యోగుల తరఫున మాట్లాడే మనిషిగా ఉన్నప్పుడు ఇలాగే చేతులు మారింది. ఆ వారంలోనే పేరోల్ సిస్టం కూడా మార్చేశారు, పాత పే స్టబ్‌లు (జీతం చీటీలు) ఆన్‌లైన్‌లో ఎవరికీ కనబడలేదు. మాతో చేసే ఒక నర్సు మాత్రం రెండేళ్ల స్టబ్‌లు ప్రింటు తీసి, లాకర్‌లో బూట్ల కింద ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. ఆవిడ సెలవుల గంటలు ఒక్కటి కూడా పోలేదు. మిగతావాళ్లం నెలల తరబడి తిరిగాం. మీరు ఈ రోజే ప్రింటు తియ్యండి. ఆఫర్ లెటరూ, మీటింగ్‌లో పంచిన కాగితాలూ ఏవీ పారెయ్యొద్దు. ఆ కాగితాల్లో "అందరినీ ఉంచుకుంటాం" అని చెప్పి, షరతులు మారతాయని ఎక్కడా చెప్పకపోతే, యూనియన్‌తో మాట్లాడకుండా జీతాలు మార్చడానికి కొత్తవాళ్లకు వీల్లేదన్న వాదన బలంగా ఉంటుంది. ఆ కాగితం మీద తేదీ కూడా ఉండాలి.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. పాత యజమాని వీసా బాధ్యతలన్నీ కొత్త సంస్థ రాతపూర్వకంగా తీసుకుంటే సాధారణంగా కొత్త పిటిషన్ అక్కర్లేదు, అయినా అమ్మకానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడమనండి.

కొత్త యాజమాన్యం యూనియన్‌ను గుర్తించనంటే జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు ఫిర్యాదు చెయ్యొచ్చు. దానికి ఆరు నెలలే గడువు. అందుకే మీ మేనేజర్ ఆ మాట ఏ రోజు అంది, ఎన్ని గంటలకు అంది, పక్కన ఎవరెవరు విన్నారు, ఇవాళ షిఫ్టుకు వెళ్లే లోపు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.