ఎవర్ని చూసి నేర్చుకుంటున్నావో చూసుకో నాయనా

నాయనా, వందనాలు.

మొన్న ఫోన్‌లో నువ్వు అన్న మాట ఇంకా నా మనసులోనే ఉంది. ఆ పేరున్న ప్రసంగీకుడి వీడియోలు ఒక్కటి కూడా వదలకుండా చూస్తున్నానని, ఆయనలా మాట్లాడాలని అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తున్నానని చెప్పావు. వాక్యం మీద నీకున్న ఆసక్తికి నాకు సంతోషమే. కానీ ఒక మనిషిని ఆదర్శంగా పెట్టుకునేటప్పుడు ఏం చూడాలో నీ వయసులో నాకు ఎవరూ చెప్పలేదు, దానివల్ల నేను పాడైన సంగతి ఒకటుంది, అందుకే ఈ ఉత్తరం.

ఇరవై మూడేళ్ళప్పుడు నేను ఒక పెద్ద ప్రసంగీకుడి వెంట తిరిగాను. కన్వెన్షన్ ఎక్కడుంటే అక్కడికి ఆయన బ్యాగ్ మోసుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఒక రాత్రి ఆయన యోహాను సువార్త 13వ అధ్యాయం తీసి, యేసు ప్రభువు శిష్యుల పాదాలు కడగడం గురించి చెప్తుంటే పందిట్లో ఏడవనివాళ్ళు లేరు. సభ అయ్యాక ఒక విశ్వాసి ఇంట్లో భోజనాలు, నాటుకోడి, గారెలు, కబుర్లు, పన్నెండు దాటింది. బయటికొస్తే డ్రైవర్ స్టీరింగ్ మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. తిన్నావా అని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు నాయనా. అతను పస్తున్నాడని మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర తెలిసింది. ఎవర్ని చూస్తూ ఉంటామో వాళ్ళ మాటతీరు ఒక్కటే రాదు, వాళ్ళ కంటికి ఆననివాళ్ళు మన కంటికీ ఆనకుండా పోతారు.

కాబట్టి స్టేజీ మీద చూసి ఎవర్నీ ఎంచుకోకు, తగ్గింపు, అంటే వినయం, ఉందో లేదో అక్కడ తెలియదు. మైకు ముందు అందరం తగ్గించుకునే మాట్లాడతాం, "నేను ఎన్నికలేనివాణ్ణి", అంటే లెక్కలోకి రానివాణ్ణి, అనడం మన సంఘాల్లో నోటికి అలవాటైన మాట. కింద పనిచేసేవాళ్ళు ఆయన ఎదుట భయం లేకుండా మాట్లాడగలుగుతున్నారా, ఇంట్లో భార్య మాట్లాడుతుంటే మధ్యలో తుంచేస్తాడా, ఫ్లెక్సీలో తన ఫోటో చిన్నదైతే మొహం మాడ్చుకుంటాడా, తప్పు చేశాను క్షమించమని ఒక్కసారైనా నీ ముందు ఎవరినైనా అడిగాడా, ఇవి చూడు. వీడియోలో ఇవేవీ కనబడవు, అందుకే దగ్గరుండి చూడగలిగే మనిషిని వెతుక్కోమంటున్నాను.

బైబిల్లో అయితే తొలి సంఘంలో పనిచేసిన బర్నబాను చదువు. సంఘాన్ని హింసించిన సౌలును, అంటే తర్వాత పౌలు అనిపించుకున్న మనిషిని, చూసి శిష్యులంతా భయపడుతుంటే దగ్గరికి తీసి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్ళింది ఆయనే, తర్వాత తార్సు దాకా వెళ్ళి వెతికి అంతియొకయకు తెచ్చిందీ ఆయనే. అపొస్తలుల కార్యాల్లో మొదట బర్నబా పేరు ముందుంటుంది, కొన్ని అధ్యాయాలు పోయేసరికి పౌలు పేరు ముందుకొస్తుంది, దానికి బర్నబా అలిగినట్టు ఎక్కడా లేదు. పౌలుతో గట్టిగా తగువు పడ్డాడు, నిజమే, అది పని మధ్యలో వదిలి వెళ్ళిపోయిన మార్కు అనే కుర్రాడికి ఇంకో అవకాశం ఇవ్వాలని.

మన ఒంగోలు సంగతే తీసుకో. 1876 నుంచి 78 దాకా కరువు. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు, కూటి కోసం సంఘంలో కలుస్తున్నారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు మాత్రం ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు మనవాళ్ళు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. దొరగారు పక్కనే ఉండి కూడా స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆయన పేరే చెప్తాం, నీళ్ళలో నిలబడిన ఆ ఆరుగురి పేర్లు మన యూత్‌లో ఎవరికీ తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకో మాట, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. తగ్గింపు అంటే కులాన్ని చూసో డబ్బును చూసో వంగడం కాదు. మన తాతలు ఊళ్ళో చెప్పులు చేతపట్టుకుని నడిచింది తగ్గింపు కాదు, అది వాళ్ళకు జరిగిన అన్యాయం. అదే 13వ అధ్యాయం మళ్ళీ తీసి చూడు, తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడని తెలిసే ప్రభువు లేచి నడుముకు తువాలు కట్టుకున్నాడు. నీ విలువ నీకు మర్చిపోయేలా చేసి, దానికి తగ్గింపు అని పేరుపెట్టే నాయకుడి దగ్గర ఒక్క రోజు కూడా ఉండకు.

నాకు ఇప్పుడు ఆదర్శం ఎవరని అడిగావు కదా. మన సంఘంలో బైబిల్ ఉమన్‌గా, అంటే ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే మనిషిగా, చేసి మానేసిన ముసలమ్మ. సండే స్కూల్‌లో ఒకసారి కానుక డబ్బులు తగ్గితే ఒక పిల్లను అనుమానించి నలుగురిలో అడిగింది. సాయంత్రం ఆ చిల్లర తన సంచి మడతలోనే దొరికింది. వచ్చే ఆదివారం క్లాసు మొత్తం ముందు ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, "తప్పు నాదమ్మా, క్షమించు" అంది. ఆ పిల్లకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. వెనక బల్ల మీద కూర్చున్న నాకు, నా జీవితంలో నాకంటే చిన్నవాళ్ళను ఒక్కసారైనా అలా అడిగానా అని ఆ రోజే మొదటిసారి అనిపించింది.

క్రిస్మస్‌కు వస్తావు కదా. ఆరాధన అవ్వగానే ఫోటోల కోసం ముందుకు వెళ్ళకుండా వెనక కుళాయి దగ్గరికి రా. ప్రభువు బల్లలో ద్రాక్షారసం ఇచ్చే గ్లాసులు ఒక్కొక్కటీ ఆమే కడుగుతుంది, చేతులు వణుకుతాయి కాబట్టి టైం పడుతుంది. పక్కన తీగ మీద పొడి గుడ్డ ఉంటుంది, తుడవడానికి అది అందుకో. మాట్లాడించాలని చూడకు, ఆమె మాట్లాడితే విను.

నీ పెదనాన్న