పాఠకుల ప్రశ్నలు: లాప్‌టాప్ బొమ్మ టీవీలో చూడాలంటే

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం డాలస్‌లో ఉంటుంది. మాకు ఆదివారం ఉదయం, వాళ్లకు శనివారం రాత్రి అయినప్పుడు మనవరాలితో వీడియో కాల్‌లో మాట్లాడతాం. లాప్‌టాప్ తెర మీద మావారికి సరిగా ఆనడం లేదని హెచ్‌డీఎంఐ కేబులు కొని టీవీకి తగిలించాం. బొమ్మ వచ్చింది గానీ మాటలు లాప్‌టాప్‌లోనే వినిపిస్తున్నాయి. పైగా బొమ్మ అంచులు తెగిపోయి, అడుగున గడియారం ఉండే పట్టీ సగమే కనబడుతోంది. కేబులు మార్చాలా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మార్చనక్కర్లేదు. బొమ్మ మినుకుమినుకుమనకుండా నిలకడగా వస్తున్నదంటే కేబులు తన పని తాను చేస్తున్నట్టే. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మనూ శబ్దాన్నీ కలిపే మోస్తుంది. కాకపోతే శబ్దాన్ని ఎటు పంపాలన్నది లాప్‌టాప్ నిర్ణయిస్తుంది. విండోస్ 10, 11లలో తెర అడుగున కుడి మూల ఉన్న స్పీకరు గుర్తు మీద నొక్కి, శబ్దం పెంచే గీత దగ్గర కనిపించే చిన్న బాణం గుర్తును తాకితే శబ్దం వెళ్లగల పరికరాల పట్టిక తెరుచుకుంటుంది. అందులో మీ టీవీ పేరో, మోడల్ నంబరో ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. అప్పటికీ కాల్‌లో మాటలు టీవీలో వినబడకపోతే, కాల్ చేసే యాప్ తన సొంత స్పీకరు ఎంపికను పట్టుకు కూర్చున్నదని అర్థం. ఆ యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి అక్కడా టీవీనే ఎంచుకోవాలి.

అంచులు తెగడం పాతకాలపు అలవాటు. గాజు గొట్టం టీవీల్లో బొమ్మ అంచులు వంకరటింకరగా ఉండేవి కనుక, బొమ్మను కాస్త పెద్దది చేసి ఆ అంచులను చట్రం వెనక దాచేసేవారు. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. గొట్టాలు పోయి పలక టీవీలు వచ్చినా ఈ అలవాటు చాలా సెట్లలో మిగిలిపోయింది. సినిమాలో నాలుగు వైపులా కొద్ది భాగం పోయినా ఎవరూ గమనించరు, కానీ కంప్యూటరులో పనికొచ్చే గుర్తులన్నీ అంచుల్లోనే ఉంటాయి. లాప్‌టాప్‌లో రిజల్యూషన్ మార్చి దీన్ని సరిచేయాలని చూస్తే అక్షరాలు మసకబారడం తప్ప ఫలితం ఉండదు. టీవీ రిమోట్‌తో పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి, బొమ్మ పరిమాణం ఉన్నచోట ఎల్‌జీ సెట్లలో ‘జస్ట్ స్కాన్’, శాంసంగ్‌లో ‘స్క్రీన్ ఫిట్’, సోనీలో ‘ఫుల్ పిక్సెల్’ అనే పేర్లతో కనిపించే ఎంపికను పెట్టండి. కొన్ని సెట్లలో ఆ ఇన్‌పుట్ పేరును ‘పీసీ’ అని మార్చినా అంచులు వచ్చేస్తాయి, అక్షరాలు కూడా తేటపడతాయి.

మీరు అడగకపోయినా ఇంకొక మాట. కెమెరా, మైకు లాప్‌టాప్‌లోనే ఉంటాయి. మా ఇంట్లో మొదటిసారి లాప్‌టాప్‌ను పక్కనున్న బల్ల మీద పెట్టి, అందరం టీవీ వైపు తిరిగి మాట్లాడితే, అవతలివాళ్లకు గంటసేపు మా చెవులు మాత్రమే కనిపించాయి. అందుకని లాప్‌టాప్‌ను టీవీకి సరిగ్గా కింద, మీ వైపు తిప్పి పెట్టండి. టీవీ శబ్దం మరీ ఎక్కువైతే మైకు దాన్నే పట్టి వెనక్కి పంపడంతో పాపకు తన మాటలు తనకే వినిపించవచ్చు. కాస్త తగ్గిస్తే సరిపోతుంది. ఎప్పుడైనా టీవీలో ఖాళీ నీలి తెర మాత్రమే వస్తే కంగారు పడకుండా, విండోస్ గుర్తున్న మీటను నొక్కిపట్టి ‘పి’ నొక్కి, ‘డూప్లికేట్’ ఎంచుకోండి. ‘ఎక్స్‌టెండ్’ పెట్టి ఉన్నప్పుడు లాప్‌టాప్ టీవీని విడిగా రెండో తెరలా వాడుకుంటుంది కనుక, దాని మీదకు ఏదైనా జరిపితే తప్ప ఏమీ కనబడదు.

ప్రశ్న: నా పాత లాప్‌టాప్‌కు నీలిరంగు వీజీఏ సాకెట్ ఉంది, కొత్త టీవీకి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది. దుకాణంలో రెండు కొసలూ సరిపోయే కన్వర్టర్ ఇచ్చారు. అన్నీ బిగించినా ‘సిగ్నల్ లేదు’ అనే వస్తోంది. (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: ముందుగా లాప్‌టాప్ రెండు పక్కలా మరోసారి చూడండి. 2010 తరువాత వచ్చిన చాలా లాప్‌టాప్‌లలో వీజీఏతో పాటు హెచ్‌డీఎంఐ కూడా ఉండేది, దుమ్ము పట్టి కనబడకపోవచ్చు. నిజంగానే లేకపోతే, మీ చేతిలో ఉన్నది దిశ తప్పిన కన్వర్టర్ అయివుండాలి. ఐబీఎం 1987లో తెచ్చిన వీజీఏ, మూడు వరుసల్లోని 15 పిన్నుల ద్వారా బొమ్మను హెచ్చుతగ్గుల విద్యుత్ తరంగాలుగా పంపుతుంది. హెచ్‌డీఎంఐ అంకెలుగా పంపుతుంది. ఒకదాన్ని మరొకదానిగా మార్చడానికి లోపల చిప్ ఉండాలి, ఆ చిప్ ఒకవైపుకే పనిచేస్తుంది. హెచ్‌డీఎంఐ లాప్‌టాప్‌ను పాత మానిటర్‌కు కలిపే కన్వర్టరే బజారులో ఎక్కువగా దొరుకుతుంది కనుక, దుకాణదారు అదే చేతిలో పెట్టి ఉంటారు. మీకు కావలసింది ‘వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి’ మార్చేది. దానికి విద్యుత్తు కోసం ఒక యూఎస్‌బీ తోక ఉంటుంది; వీజీఏ శబ్దాన్ని మోయదు కనుక శబ్దం ఆ యూఎస్‌బీ ద్వారానో, హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టే మరో తీగ ద్వారానో వెళ్తుంది. ఆ తోక లేని వట్టి తీగ ఎంత చవకగా దొరికినా తీసుకోకండి.

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో టైప్-సి పోర్టు మాత్రమే ఉంది. హెచ్‌డీఎంఐ అడాప్టర్ పెట్టినా బొమ్మ రావడం లేదు. ఫోను చార్జింగ్ అవుతోంది, పెన్‌డ్రైవ్ పనిచేస్తోంది. (ఒక విద్యార్థిని, బెంగళూరు)

జవాబు: టైప్-సి అన్నది రంధ్రం ఆకారం పేరు మాత్రమే. అందులోంచి బొమ్మ బయటికి రావాలంటే తయారీదారు ఆ సౌకర్యాన్ని లోపల కలిపి ఉండాలి. పోర్టు పక్కన ‘డీ’, ‘పీ’ అక్షరాలు కలిసిన గుర్తో, మెరుపు బాణం గుర్తో ఉంటే సాధారణంగా బొమ్మ వస్తుంది; కొన్ని కంపెనీలు గుర్తు వేయవు కనుక మీ మోడల్ వివరాల్లో ‘డిస్‌ప్లేపోర్ట్’ అనే మాట ఉందేమో వెతకండి. లేకపోతే ఏ అడాప్టర్ కొన్నా దండగే. అప్పుడు విండోస్ మీటతో ‘కె’ నొక్కి, మిరాకాస్ట్ ఉన్న స్మార్ట్ టీవీకి తీగ లేకుండా పంపవచ్చు. సినిమాకు అది చాలు గానీ, మౌస్ కదిలించాక బాణం కాస్త ఆలస్యంగా కదులుతుంది.

ప్రశ్న: కేబులు పెట్టేటప్పుడు లాప్‌టాప్ రేకు తగిలితే చేయి జిల్లుమంటోంది. ప్రమాదమా? (ఒక పాఠకుడు, రాజమండ్రి)

జవాబు: చార్జరులోని కెపాసిటర్ల ద్వారా అతి స్వల్పంగా కరెంటు కారుతుంది. ఎర్తింగ్ ఉంటే అది భూమిలోకి పోతుంది. రెండు పిన్నుల చార్జరుకో, ఎర్తు తీగ కలపని మూడు పిన్నుల సాకెట్‌కో ఆ దారి ఉండదు కనుక మీ చేతి మీదుగా పోతుంది. సాధారణంగా అది మనిషికి హాని చేసేంత ఉండదు. అయితే రెండు పరికరాల రేకుల మధ్య వోల్టేజీ తేడా ఉన్నప్పుడు కేబులు గుచ్చితే, ఆ క్షణంలో హెచ్‌డీఎంఐ పోర్టు కాలిపోయే అవకాశం ఉంది. అందుకని రెండింటి ప్లగ్గులూ తీసి, టీవీ వెనకనున్న కేబుల్ కనెక్షన్ తీగ కూడా విప్పి, హెచ్‌డీఎంఐ బిగించిన తరువాతే తిరిగి అన్నీ పెట్టండి. రెండింటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడండి. జిల్లుమనడం కాక గట్టిగా షాక్ కొడితే లాప్‌టాప్ సంగతి పక్కనబెట్టి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌లో ఎర్తు తీగ అసలు ఉందో లేదో చూపించండి.