‘నేను ముట్టుకోలేదు కదా’ అంటున్నాడు

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా అబ్బాయి పదో తరగతి. కిందటి ఆదివారం స్నేహితులతో ఆర్కే బీచ్‌కు వెళ్లాడు. అక్కడ ఈత రాని ఒక తోటి విద్యార్థిని ముగ్గురు కాళ్లూ చేతులూ పట్టుకుని అలల్లోకి విసిరారు. మా వాడు ఫోన్‌లో వీడియో తీసి, తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అది నేనూ చూశాను. మొదట ఆ పిల్లవాడు కూడా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత ఒకడి చొక్కా పట్టుకుని ఎంతకీ వదలలేదు. నీళ్లు మింగి ఏడ్చాడు. ఆ రోజు నుంచి ట్యూషన్‌కు రావడం లేదు. మా వాడేమో ‘సరదాకే చేశాం, నేను ముట్టుకోలేదు కదా’ అంటున్నాడు. మావారు ‘మగపిల్లలన్నాక ఆ మాత్రం అల్లరి ఉంటుంది’ అని కొట్టిపారేస్తున్నారు. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

జవాబు: లేదమ్మా. మీరు భయపడవలసిన విషయానికే భయపడుతున్నారు.

ఆర్కే బీచ్‌లో నీళ్లు ఎలా లాగుతాయో మీ ఊరివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. వెనక్కి మళ్లే అల కాళ్ల కింది ఇసుకను కోసేస్తుంది. ఒడ్డు నుంచి సముద్రంలోకి బలంగా లాక్కుపోయే రిప్ ప్రవాహంలో చిక్కుకుంటే ఈత వచ్చినవాళ్లు కూడా తేలిగ్గా బయటపడలేరు. ఆ పిల్లవాడు క్షేమంగా ఒడ్డుకు రావడం అదృష్టం. దాన్ని ‘ఏమీ కాలేదుగా’ అని తీసిపారేయకండి.

ఇక మీ అబ్బాయి మాట. తను ముట్టుకోలేదన్నది నిజమే కావచ్చు. కానీ ఫోన్ ఎత్తి పట్టుకున్న క్షణం నుంచి ఆ ముగ్గురికీ ప్రేక్షకులు దొరికారు. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2005లో ఒక ప్రయోగం ప్రచురించారు. అందులో 13 నుంచి 16 ఏళ్ల పిల్లలూ, వారికంటే పెద్దవాళ్లూ కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడారు. తోటివారు పక్కనుంటే తెగింపు పెరిగింది. ఆ పెరుగుదల పెద్దవాళ్లలో కంటే పిల్లల్లో చాలా ఎక్కువ. ఒంటరిగా ఉంటే ఆ ముగ్గురిలో ఏ ఒక్కడూ ఆ పని చేసి ఉండడని నా నమ్మకం. వీడియో వాళ్లకు తరగతి మొత్తాన్నీ ప్రేక్షకులుగా తెచ్చిపెట్టింది.

మీ అబ్బాయిని ఒంటరిగా కూర్చోబెట్టుకుని ఒకే ప్రశ్న అడగండి: ‘వాడు చొక్కా పట్టుకున్నప్పుడు నీకు కనిపించిందా?’ కనిపించే ఉంటుంది. అందరికంటే స్పష్టంగా చూసింది వాడే. అప్పటిదాకా ఆట, ఆ తర్వాత హింస. ఎవరి మీద చేస్తున్నారో వాళ్లు ‘వద్దు’ అంటే ఆగేదే సరదా. జవాబు చెప్పకుండా తల దించుకుంటే తొందరపెట్టకండి, ఆ మౌనాన్ని కాసేపు అలాగే ఉండనివ్వండి. కొట్టవద్దు, చుట్టాల ముందు ఈ సంగతి ఎత్తవద్దు.

అడ్డు చెబితే తర్వాతి వంతు తనదే అవుతుందన్న భయం కూడా వాడికి ఉండి ఉంటుంది. ఈ వయసులో అది చిన్న భయం కాదు. అందుకే తప్పుకునే దారి ఒకటి మీరే ఇవ్వండి. ఎక్కడైనా వ్యవహారం శ్రుతి మించుతోందనిపిస్తే మీకు ఒక్క చుక్క మాత్రమే ఉన్న మెసేజ్ పంపమనండి. వెంటనే మీరు ఫోన్ చేసి ‘ఇంటికి రా’ అని గట్టిగా కేకలేయండి. ‘మా అమ్మ ఊరుకోదు’ అన్న సాకు వాడికి దొరుకుతుంది. ఆ చెడ్డపేరు మీరు మోయండి. అయితే ఎదుటివాడు ప్రమాదంలో ఉంటే తను తప్పుకుంటే చాలదనీ, ఫోన్ జేబులో పెట్టి పెద్దవాళ్లను కేకేయాలనీ చెప్పండి.

ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లడం మాత్రం రేపటికి వాయిదా వేయకండి. ముందు అతని తల్లిదండ్రులకు ఫోన్ చేసి, రావచ్చా అని అడగండి. క్షమాపణ మీ అబ్బాయే తన నోటితో చెప్పాలి, ‘కానీ’ అన్న మాట లేకుండా. వీడియో గ్రూపులోంచి తీసేసి, తప్పు తనదేనని అదే గ్రూపులో రాయాలి. వాళ్లు స్కూల్లో ఫిర్యాదు చేస్తామంటే అడ్డుపడకండి. ఆ అబ్బాయి కలవడానికి ఇష్టపడకపోతే బలవంతపెట్టవద్దు. క్షమించి తీరాలన్న బాధ్యత అతనికి లేదు.

మీవారిని కూడా వెంట రమ్మనండి. ‘ఆ మాత్రం అల్లరి’ అన్న మాట కొడుకు చెవిన పడే ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకోవలసింది ఆయనే. మీరు వంద చెప్పినా ఆ పని జరగదు.

ఆ పిల్లవాడికి నిద్ర పట్టడం లేదని, బయటికి రావడానికి భయపడుతున్నాడని తెలిస్తే, మానసిక ఆరోగ్యంపై ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరు వాళ్ల అమ్మగారికి ఇవ్వండి. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ అబ్బాయి కూడా ముభావంగా మారిపోతే అదే నంబరుకు మీరూ ఫోన్ చేయండి.